జైలు బీరువాలో రాజేశం రికార్డు

జగిత్యాల వెళ్ళొచ్చి పదిహేను రోజులైంది. మా రేపల్లెలో అందరిదీ ఒకటే ప్రశ్న, కొండగట్టుకా, ధర్మపురికా, వేములవాడకా అని. ప్రసాదం కోసం చెయ్యి చాపినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ మూడు గుళ్ళూ నేను తిరిగిన దారికి దగ్గర్లోనే ఉన్నాయి. ఒక్కదాన్లోనూ అడుగు పెట్టలేదు. అరవై ఆరేళ్ళ రిటైర్డ్ బోటనీ లెక్చరర్, మోకాళ్ళు పట్టేసిన మనిషి, అంత దూరం ఒక ఇనప బీరువా కోసం వెళ్ళిందంటే ఎవరు నమ్ముతారు? నోటితో చెప్పలేక రాస్తున్నాను.

ఇరవై నాలుగేళ్ళ వయసులో నేను జగిత్యాలలో మూడేళ్ళు పనిచేశాను. డిగ్రీ కాలేజీ, పాతది. మొన్న జనవరిలో ఆ కాలేజీ ప్రిన్సిపాల్, ఎవరెవరినో అడిగి నా నంబరు సంపాదించి, ఫోన్ చేశాడు. కుర్రవాడే, గొంతు మర్యాదగా ఉంది. బోటనీలో ఈ ఏడు ఒక్కరు కూడా చేరలేదట, కోర్సు ఎత్తేశారట, గది ఖాళీ చేసి సామానంతా పాత ఇనుప సామాన్ల వాడికి ఇచ్చేస్తున్నారట. పాత స్టాఫ్‌లో బతికున్నవాళ్ళకి ఒక మాట చెబుదామని చేశాడట. బతికున్నవాళ్ళకి అన్న మాట అతను కాస్త నాలుక్కరుచుకుంటూనే అన్నాడు.

నేను ఒక్కటే అడిగాను. కిటికీ పక్కన బూడిదరంగు బీరువా ఉందా? ఉంది మేడమ్, తాళం చెవి లేదు, అన్నాడు. నేను వచ్చేదాకా దాన్ని ముట్టుకోవద్దని చెప్పి ఫోన్ పెట్టేశాను. అబద్ధమెందుకు, భయమేసింది.

జగిత్యాల

బస్టాండులో దిగి పది నిమిషాలు దిక్కులు చూశాను. నాకు తెలిసిన ఊరు ఎక్కడా లేదు. కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు, మోటార్ సైకిల్ షోరూములు, వాటి మధ్య ఇరుక్కుని ఒక పాత సున్నపు గోడ. బండి మీద ఒకావిడ సర్వపిండి కాలుస్తోంది. మా వైపు దీన్నే తపాలా చెక్క అంటాం, కానీ మేం ఇన్ని నువ్వులు వెయ్యం, ఇంత కారమూ తినం. ఇరవై రూపాయలకి నా అరచెయ్యి రెండింతలున్న ముక్క ఇచ్చింది. తింటుంటే కళ్ళ నీళ్ళొచ్చాయి, కారానికే.

"కొత్తగ అచ్చినవా అమ్మా? నీళ్ళు తాగు," అందావిడ. ఆ "నువ్వు" పిలుపు వినగానే నా మొదటి ఉద్యోగం గుర్తొచ్చింది. ఇక్కడ పెద్దా చిన్నా లేకుండా ఆప్యాయంగా నువ్వనే పిలుస్తారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకది తెలియదు. అండీ, గారూ లేకుండా మాట్లాడే మగపిల్లలంతా నన్ను చిన్నచూపు చూస్తున్నారనుకుని పళ్ళు నూరుకునేదాన్ని. మూడేళ్ళూ అలాగే నూరుకున్నాను. ఎంత మూర్ఖత్వమో!

కాలేజీ మాత్రం ఉన్నచోటే ఉంది. నిజాం కాలంలో ఉర్దూ స్కూలుగా కట్టిన రాతి బంగళా అది. తర్వాత ఇంటర్మీడియట్ వచ్చింది, ఆ తర్వాత డిగ్రీ. గుమ్మం మీద ఉర్దూలో చెక్కిన రెండు పంక్తులుండేవి. నా రోజుల్లో సగం మంది మేష్టర్లు వాటిని చదవగలిగేవారు. ఇప్పుడు వాటి మీద ఎన్ని పూతలు రంగు పడిందో, వేలు పెట్టి తడిమితే గాని అక్షరాలున్నాయని తెలియదు. హాజరు పిలిస్తే పిల్లలు "హాజిర్" అనేవారు, తెలుగు పిల్లలైనా సరే. బీర్పూర్ నుంచి, కథలాపూర్ నుంచి సద్ది కట్టుకుని వచ్చేవారు. బస్సు తప్పితే నడిచేవారు.

అవి మంచి రోజులు కావు. సభలు జరగాల్సిన హాల్లో కొన్ని నెలలు పోలీసులు మకాం పెట్టారు. హాజరు పట్టీలో కొన్ని నంబర్లు ఉన్నట్టుండి మూగబోయేవి. ఆ కుర్రాడు అడవిలోకి వెళ్ళాడో, స్టేషన్లో ఉన్నాడో, అసలు ఉన్నాడో లేడో ఎవరూ అడిగేవారు కాదు. పిలిచే మేష్టరు ఆ నంబరు దగ్గర ఊపిరి కూడా పీల్చకుండా తర్వాతి నంబరుకి వెళ్ళిపోయేవాడు. నాకూ అలాగే నేర్పారు. నేనూ నేర్చుకున్నాను.

బహుశా అందుకే ఆ కాలేజీకి కాగితాల పట్ల అంత పట్టుదల. బయట ఏం జరిగినా, లోపల రిజిస్టరు శుభ్రంగా ఉండాలి. సైన్సు రికార్డుల విషయంలో మరీనూ. ఏడాది పొడవునా చేసిన ప్రయోగాలు, గీసిన బొమ్మలు ఉన్న పుస్తకమే రికార్డు. అది ఆ విద్యార్థి స్వయంగా చేసిన పనేనని లెక్చరర్ సంతకం పెడితేనే ప్రాక్టికల్ పరీక్షకి కూర్చోనిస్తారు. ఇది అన్నిచోట్లా ఉన్నదే. ఈ కాలేజీలో మాత్రం, సంతకం పెట్టని రికార్డు కుర్రాడికి తిరిగి ఇవ్వరు. బూడిదరంగు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఎవరు ఆపారో వాళ్ళే విడవాలి, ఇంకో లెక్చరర్ ముట్టుకోకూడదు. పాతది బీరువాలో ఉండగా కొత్తది రాసుకొస్తే తీసుకోరు. పటేళ్ళూ కాంట్రాక్టర్లూ తమ పిల్లల కోసం ఒక మేష్టరు కాకపోతే ఇంకో మేష్టర్ని పట్టుకుని పని జరిపించుకోకూడదని ఎవరో పాత ప్రిన్సిపాల్ పెట్టిన కట్టడి. మంచికి పెట్టిందే. పిల్లలు దాన్ని జైలు బీరువా అనేవారు. "వాని రికార్డు జైల్ల పడ్డది" అని ఒకళ్ళనొకళ్ళు వెక్కిరించుకునేవారు.

నా మూడో ఏడాది రాజేశం అనే కుర్రాడి రికార్డుని నేను జైల్లో పెట్టాను.

బీరువా

సిరిసిల్ల నుంచి వచ్చిన నేతపనివాళ్ళ పిల్లవాడు రాజేశం. సన్నగా, మాట తక్కువగా ఉండేవాడు. అతని రికార్డు తెరిచిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. నాకంటే బాగా గీశాడు. నీడ చూపించడానికి బోటనీ బొమ్మల్లో గీతలు వాడం, చుక్కలు పెడతాం. ఆ చుక్కలు చూస్తే నాకు ఒళ్ళు మండింది. చదువుకున్న నాలుగేళ్ళలో నా చేత అలాంటి చుక్కలు పడలేదు. ఇది నీ పని కాదు, ఎవరి చేత గీయించావ్ అని క్లాసులో నిలబెట్టి అడిగాను. మాట్లాడలేదు. సుద్దముక్క ఇచ్చి బోర్డు మీద ఉమ్మెత్త పువ్వు గీయమన్నాను. చెయ్యి వణికి గీత వంకర పోయింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాననుకుంటాను.

ఇంకో నిజం కూడా రాసెయ్యాలి. ఆ ఏడాది నేను సంతకం పెట్టిన రికార్డుల్లో సగం పైగా స్నేహితులో, అన్నలో గీసి ఇచ్చినవే. నాకు తెలుసు. వంకరటింకరగా, మామూలుగా ఉన్నాయి కాబట్టి కళ్ళు మూసుకుని సంతకాలు పెట్టాను. రాజేశం గుమ్మం దగ్గర నిలబడి, "నువ్వు జెప్పినట్టే చేసిన మేడమ్," అన్నాడు. ఆ నువ్వు ఒకటి నాకు అగ్గి మీద గుగ్గిలమైంది. సెప్టెంబరు పరీక్షలకి చూద్దాం పో, అన్నాను.

ఆ మే నెలలోనే మా ఊరి దగ్గర కాలేజీలో ఉద్యోగం వచ్చింది. రాజీనామా ఇచ్చి, ట్రంకుపెట్టె సర్దుకుని వచ్చేశాను. రైలు వరంగల్ దాటాక రాజేశం గుర్తొచ్చాడు. ఉత్తరం రాద్దామనుకున్నాను. రాయలేదు. తర్వాత నా ముప్పై అయిదేళ్ళ ఉద్యోగంలో ఎందరో మంచి పిల్లల చేతులు బోర్డు ముందు వణకడం చూశాను. చూసిన ప్రతిసారీ, ఆ పిల్లవాడు నిజంగా తనే గీసుంటాడు, భయపడ్డాడంతే అని నాకు రూఢి అయిపోయింది. అయినా రాయలేదు.

తాళం తీయడానికి ప్రిన్సిపాల్ వెల్డింగ్ షాపు మనిషిని పిలిపించాడు. నిప్పురవ్వలు రాలుతుంటే అందరం దూరంగా నిలబడ్డాం. తలుపు తీయగానే దుమ్ము, ఎండిన ఆకుల వాసన. పందొమ్మిది రికార్డులున్నాయి. వాటిలో పన్నెండు నేను చేరకముందువి. ఇన్నేళ్ళలో ఒక్కటీ బయటికి వెళ్ళలేదు. ప్రిన్సిపాల్ తలుపు మీద చెయ్యి వేసి వాటినే చూస్తూ నిలబడ్డాడు.

రాజేశం రికార్డు అట్టని పురుగు తినేసింది, లోపలి కాగితాలు బాగానే ఉన్నాయి. కిటికీ దగ్గర కూర్చుని పేజీలు తిప్పాను. తంగేడు ఆకు బొమ్మ దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆకు అంచున పురుగు తిన్న చిల్లి ఒకటి గీసి ఉంది. చిల్లి చుట్టూ నా ఎర్ర సిరా సున్నా, పక్కన "అనవసరం" అని నా దస్తూరి. పుస్తకం చూసి కాపీ కొట్టేవాడు చిల్లి గీయడు, పుస్తకంలో ఆకులకి చిల్లులుండవు. ఆకుని ఎదురుగా పెట్టుకున్నవాళ్ళే గీస్తారు. ఆ వయసులో నాకీ మాత్రం తోచలేదు. తోచనివ్వలేదు అనాలి.

ఆఫీసు గుమాస్తా పాత అడ్మిషన్ రిజిస్టర్లో రాజేశం చిరునామా వెతికాడు. సిరిసిల్ల అని తప్ప ఏమీ లేదు. కోరుట్లలో ఖాజా భాయ్ ఉన్నాడు, ఆయనకి అందరి సంగతులూ తెలుసు, ఆయన్ని అడగండి, అన్నాడు. ఖాజా భాయ్ మా బోటనీ ల్యాబు అటెండరు. బీరువా తాళం చెవి ఆయన మొలతాడుకి ఉండేది. రాజేశాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, క్షమించమని అడిగి, అప్పుడు సంతకం పెట్టాలి. రికార్డు సంచిలో పెట్టుకున్నప్పుడు నేను వేసుకున్న లెక్క ఇదీ.

కోరుట్ల

మర్నాడు కోరుట్ల బస్టాండులో చెప్పు తెగింది. కాలు ఈడ్చుకుంటూ చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి వెళ్తే పది రూపాయలు తీసుకుని, రెండో చెప్పు కూడా తెగేలా ఉందని అడక్కుండానే రెండు కుట్లు వేసి ఇచ్చాడు. ఊరంతా పసుపు వాసన. పొలాల్లోంచి తవ్విన పసుపు ఉడకబెట్టి, కళ్ళాల్లో, రోడ్డు పక్కన టార్పాలిన్ల మీద ఆరబోశారు. మా దుగ్గిరాల వైపు కూడా పసుపు పండుతుంది కాబట్టి ఆ వాసనకి ఒక్క క్షణం ఇంటికెళ్ళినట్టనిపించింది. అంతలో మసీదు మైకులో నమాజు పిలుపు మొదలైంది.

ఖాజా భాయ్ ఇల్లు మసీదు వెనక సందులో ఉంది. ఎనభై దాటాయి. ఒక కన్ను పొర కమ్మింది, నడుం వంగింది, గొంతు మాత్రం అదే. నన్ను పోల్చుకోవడానికి ఆయనకి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. వాళ్ళ కోడలితో ఉర్దూలో ఏదో చెప్పాడు, ఆ అమ్మాయి మంచం మీద దుప్పటి మార్చి కూర్చోమంది. తిననిదే కదలనివ్వలేదు. బగారా అన్నం, ఖట్టా దాల్, పక్కన వేయించిన ఎండుమిరప. మా ఇళ్ళల్లో చుట్టం వచ్చాక వంట మొదలుపెడతారు. ఇక్కడ ఎవరొచ్చినా సరిపోయేంత ముందే వండుకుంటారని ఖాజా భాయ్ నవ్వుతూ చెప్పాడు. ఆ ఇంట్లో ఉన్న నవ్వు అంతవరకే.

రాజేశం పేరు చెప్పగానే ఆయన ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు.

"మీరు పోయినంక మూడేండ్లు అచ్చిండు మేడమ్," అన్నాడు. "మార్చి నెల రాంగనె బస్సెక్కి అచ్చేటోడు. ఖాజా భాయ్, జైలు తెరిచిండ్రా అని అడిగేటోడు. నేనేం జెప్పాలె? తాళం నా నడుముకే ఉండె. కానీ కాలేజ్ రూలు గదా, నాకు తియ్యరాదు."

నా తర్వాత వచ్చిన లెక్చరర్ని ఖాజా భాయ్ బతిమాలాడట. ఆయనకి మనసుంది గాని ధైర్యం లేదు. ఆపినావిడ రాసి ఇస్తే విడుస్తాను అన్నాడట. నా చిరునామా కాలేజీలో ఎవరి దగ్గరా లేదు. నేను ఇచ్చి రాలేదు. మూడో ఏడు రాజేశం బీరువా తలుపు మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడి, ఇంక రానని చెప్పి వెళ్ళాడట. బొంబాయి దగ్గర భివండీ పోయి పవర్ లూమ్ మీద పనికి కుదిరాడు. దూది దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయింది. పన్నెండేళ్ళ కిందట అక్కడే పోయాడు. పెళ్ళాం పిల్లలు అక్కడే ఉండిపోయారు. రాజేశం చెల్లెలు సుగుణ మాత్రం సిరిసిల్లలో బీడీలు చేసుకుంటోందని, ఆ వాడ పేరు, ఇంటి ఆనవాళ్ళు చెప్పాడు.

నేను ఏడవలేదు. ఏడుపు రాలేదు. అన్నం పళ్ళెం అలాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన నా సంచివైపు చూసి, రికార్డు తెచ్చారా అని అడిగాడు. తీసి ఇచ్చాను. పొర కమ్మని కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"గిప్పుడన్న దస్తఖత్ చేయుండ్రి మేడమ్. పోరడు లేకున్నా గీ కాయిదం జైల్ల ఉండొద్దు."

మొదటి పేజీలో అచ్చువేసిన వాక్యం ఉంది. ఈ పుస్తకంలోనిది ఫలానా విద్యార్థి స్వయంగా చేసిన పని అని ధ్రువీకరించడమైనది. దాని కింద ఖాళీ గీత. ఆ మంచం మీదే కూర్చుని, ఖాజా భాయ్ మనవరాలి బాల్ పెన్నుతో, ఆ గీత మీద సంతకం పెట్టాను. తారీఖు వెయ్యబోయి ఆగిపోయాను. ఆ చోటు ఖాళీగానే వదిలేశాను.

కథలాపూర్, చందుర్తి మీదుగా

మూడో రోజు పొద్దున్నే బయల్దేరాను. తొందరలో మెట్‌పల్లి బస్సెక్కాను, అది ఇంకో దిక్కుకి పోయేది. కండక్టరు, నలభై ఏళ్ళ మనిషి, నన్ను తిట్టకుండా ఊరి చివర దింపి, ఎదురుగా వస్తున్న ఆటో ఆపి, ఈమెను కథలాపూర్ బస్సు కాడ ఎక్కించు, అని ఒప్పజెప్పాడు. కథలాపూర్ దాకా మొక్కజొన్న, వరి, మళ్ళీ పసుపు కళ్ళాలు. పక్క సీట్లో కూలికి పోతున్న ఇద్దరాడవాళ్ళు కూర్చున్నారు. సద్దిలో ఏముందని అడిగితే జొన్న రొట్టె, పచ్చిపులుసు అని చూపించారు. పచ్చిపులుసు మేమూ చేసుకుంటాం, కానీ వేడన్నంలోకి. రొట్టెని పచ్చిపులుసులో నానబెట్టుకుని తినడం నేను అక్కడే చూశాను.

వాళ్ళలో పెద్దావిడ ఎక్కడికి పోతున్నావని అడిగింది. సిరిసిల్లలో ఒకరిని చూడ్డానికి, అన్నాను. చుట్టాలా అంది. కాదన్నాను. మరి ఎందుకు పోతున్నట్టు అన్నట్టు చూసింది. చందుర్తిలో వాళ్ళు దిగిపోయాక నాకూ అదే అనుమానం వచ్చింది. చచ్చినవాడి చెల్లెలికి సంతకం చూపించి ఏం చేద్దామని? నా గుండెల్లో బరువు దించుకోడానికి ఆమె గుమ్మం ఎక్కడం కాదూ ఇది? వేములవాడలో బస్సు మారాలి. గుడి గోపురం కనిపిస్తూనే ఉంది. వెనక్కి ఇంటి దారి పట్టేద్దామా అని బెంచీ మీద అరగంట కూర్చున్నాను. చివరికి సిరిసిల్ల బస్సే ఎక్కాను, ధైర్యం వచ్చి కాదు, అది ముందొచ్చింది.

సిరిసిల్ల

సిరిసిల్లలో మగ్గాల వాడలో అడుగుపెడితే చెవులు పనిచెయ్యవని విన్నాను. నేను వెళ్ళిన సందులో నాలుగు షెడ్లకి ఒక షెడ్డులోనే చప్పుడు వస్తోంది. మిగిలినవాటికి తాళాలు. మూసిన షెడ్డు అరుగు మీద ముసలాయన ఒకడు దారపు కండెలు ముందేసుకుని ఊరికే కూర్చున్నాడు. సుగుణ ఇల్లెక్కడ అంటే వేలితో చూపించాడు.

సుగుణకి యాభై ఏడేళ్ళుంటాయి. వాకిట్లో గోడకి చేరగిలబడి, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది. తునికాకుని కత్తెరతో కోసి, చిటికెడు తంబాకు వేసి, చుట్టి, దారం కట్టి పక్కన పెట్టడం. నేను వచ్చి కూర్చున్నా ఆ చేతులు ఆగలేదు. ఆమె భర్త పోయాడు, కొడుకు సూరత్‌లో మగ్గాల పనిలో ఉన్నాడు. ఇదంతా నేను అడగకుండానే, తల ఎత్తకుండానే చెప్పింది. ఖాజా భాయ్ ఫోన్ చేయించాడట, నేనొస్తానని ఆమెకి తెలుసు. పక్కింటావిడ చేత నాకు టీ తెప్పించింది.

నేను రికార్డు తీసి ఆమె ముందు పెట్టాను. ఎలా మొదలుపెట్టానో నాకు గుర్తులేదు. మీ అన్న గీసిన బొమ్మలు నమ్మలేదు, తప్పు చేశాను, ఇదిగో సంతకం పెట్టాను, ఇలా ఏదో అన్నాను. సుగుణ చేతులు మొదటిసారి ఆగాయి. కొంగుతో వేళ్ళు తుడుచుకుని, పేజీ తిప్పి, తంగేడు ఆకు బొమ్మ మీద చెయ్యి పెట్టింది.

"గివి అన్నవి కావు మేడమ్. నేను గీసినయి."

సుగుణే విడమర్చి చెప్పింది. రాజేశం జగిత్యాలలో గది తీసుకుని ఉండేవాడు. వారానికోసారి ఇంటికి వచ్చేటప్పుడు చెట్ల కొమ్మలు, పూలు తడి గుడ్డలో చుట్టి తెచ్చేవాడట. ఏడో తరగతి తర్వాత సుగుణని బడి మాన్పించి బీడీల్లో కూర్చోబెట్టారు. ఆకు ముందు పెట్టుకుని కొలతకి కొయ్యడం అలవాటైన చెయ్యి కదా, గీయమంటే గీసింది. చుక్కలు ఎలా పెట్టాలో అన్నే చెప్పాడు. పేర్లూ నేర్పాడు. మురికికాలవ గట్టున పెరిగిన గడ్డి చేమంతిని చూపించి, "ట్రైడాక్స్ ప్రొకంబెన్స్," అంది, ఒక్క అక్షరం తప్పు లేకుండా. నా క్లాసులో ఆ పేరు సరిగ్గా పలికినవాళ్ళు నలుగురు కూడా లేరు. చిల్లి సంగతి అడిగాను. ఆకుకి చిల్లి ఉండె, గందుకే గీసిన, అంది.

అంటే ఆ రోజు నేను అన్న మాట నిజమే. ఆ బొమ్మలు అతనివి కావు. నలభై ఏళ్ళ తర్వాత, క్షమాపణ కోసం వచ్చి, నిన్న ఖాజా భాయ్ ఇంట్లో నేను పెట్టిన సంతకమే అబద్ధమైంది. నాకు పౌరుషం, కోపం, సిగ్గు అన్నీ ఒక్కసారే వచ్చాయి. ఈ పిల్ల నా ల్యాబులో, ముందు వరసలో ఉండాల్సింది! నా ఎదురుగా, చేతికి తంబాకు వాసనతో, ఎండలో కూర్చుని ఉంది.

సుగుణ మెల్లగా మాట్లాడింది. రికార్డు ఆపిన రోజు అన్న ఇంటికి నవ్వుకుంటూ వచ్చాడట. నువ్వు మస్తు గీసినవు చెల్లె, మేడమ్ నమ్ముతలేదు, అన్నాడట. మెచ్చుకోలుగానే అన్నాడు. ఆ తర్వాత మూడు మార్చిలు అతను జగిత్యాల పోయి రావడం ఆమె చూసింది. భివండీ బస్సెక్కడం చూసింది. అక్కడి నుంచి దగ్గుతూ రావడం చూసింది.

"ఒకటి అడుగుత. నిజం చెప్పాలె," అంది. "నేను జర ఖరాబుగ గీస్తే అన్న పాసయ్యేటోడా?"

నేను ఏదో మొదలుపెట్టాను. తప్పు నాదమ్మా, నీది కాదు, నేనే సెప్టెంబరు అని చెప్పి వెళ్ళిపోయాను, ఆ కాలేజీ కట్టడి అలాంటిది, అంటూ. ఆమె చెయ్యి ఎత్తింది, నెమ్మదిగానే.

"తప్పెవలదో నేనడుగుతలేను మేడమ్. అడిగినదానికి చెప్పు."

అబద్ధం చెప్పెయ్యొచ్చు. అలా ఏం లేదు, నేనప్పుడు పిచ్చి కోపంలో ఉన్నాను, ఎలా గీసినా ఆపేదాన్నే అంటే సరిపోయేది. మంచి మనిషి ఎవరైనా అదే చెప్పేవారేమో. వంకర గీతల రికార్డులన్నిటికీ నేను పెట్టిన సంతకాలు కళ్ళముందు కదిలాయి. ముప్పై ఎనిమిదేళ్ళు పాఠం చెప్పినదాన్ని, అన్నేళ్ళలో నన్నెవరూ ఇంత సూటి ప్రశ్న అడగలేదు.

"పాసయ్యేవాడు," అన్నాను.

సుగుణ తల ఊపింది. రికార్డు మూసి నా ఒళ్ళో పెట్టింది.

"మా అమ్మ పానం పొయ్యేదాక, గట్లేం లేదు బిడ్డా, గట్లేం లేదు అన్నది," అంది. "అబద్ధమాడుతుందని నాకెరుకనే."

చాట ముందుకు లాక్కుని ఇంకో ఆకు తీసుకుంది.